బొగ్గూ పాయె... బడిలో పాఠమూ పాయె!

మందమర్రిలో ఏ సర్కారు బడికన్నా పోయి ఎనిమిదో తరగతి పిల్లను ఒక ప్రశ్న అడగండి. భూమి ఎందుకు వేడెక్కుతోందమ్మా? గుక్క తిప్పుకోకుండా చెప్తది. ధ్రువాల దగ్గర మంచు కరుగుతదని ఒప్పజెప్తది. ఇప్పుడు రెండో ప్రశ్న అడగండి. మీ తాత తవ్విన చేదబాయి ఎందుకు ఎండింది? పొద్దుగూకంగ పేలుడు జరిగితే మీ ఇంటి గోడ ఎందుకు నెర్రెలిచ్చింది? ఊరి చివర లేచిన ఆ మట్టిగుట్ట మీది నుంచి వానాకాలం దిగే నీళ్లు ఏ వాగులో కలుస్తయి? పిల్ల మొఖం చూస్తది. ఆమె తప్పు లేదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన టీచరుకు పుస్తకం లేదు, టైం లేదు, చేతిలో పైస లేదు.

పాఠం ఎందుకు లేదని అడిగితే సర్కారు దగ్గర ఒకటే జవాబు. నిధులు లేవు!

నిధులు లేవట. ఎక్కడ? బొగ్గు మీద! నూటముప్పై ఏండ్లకు పైగా ఈ దేశానికి పొయ్యి వెలిగించిన నేల మీద నిలబడి మనకు ఈ మాట చెప్తున్నరు. నీళ్లు, నిధులు, నియామకాలని కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో, ఆ మూడింటిలో రెండోది చిన్న పిల్లల పాఠం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఇంకిపోతోంది? ఈ లెక్క తేలాలె.

కోర్టు చెప్పింది ఒకటి, చేసింది ఒకటి

పర్యావరణ విద్య ఎవరో దయతలిచి పెట్టే పాఠం కాదు. సుప్రీంకోర్టు 1991 నవంబర్‌లోనే ఎం.సి. మెహతా కేసులో బడుల్లో, కాలేజీల్లో పర్యావరణాన్ని తప్పనిసరిగా చెప్పాలని ఆదేశించింది. పన్నెండేండ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2003 డిసెంబర్‌లో కోర్టు మళ్లీ కన్నెర్రజేసి, ఒకటో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీకి చెప్పింది. రాజ్యాంగం 51ఏ(జి) అధికరణం అడవిని, వాగును, చెరువును కాపాడుడు ప్రతి పౌరుని విధి అన్నది. విధి మన మీద పెట్టిండ్రు. ఆ విధి ఏందో నేర్పే ఖర్చు మాత్రం ఎవరూ నెత్తిన పెట్టుకోలేదు.

అమలు ఎట్ల జరిగిందో చూడండి. ఇంటర్ పిల్లలకు ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ పరీక్ష పెట్టిండ్రు. పాసైతే చాలు, మార్కులు కలవవు. కలవని మార్కులకు లెక్చరర్ ఎందుకు, క్లాసు ఎందుకు? పరీక్షకు ముందు రోజు నాలుగు పేజీల గైడు కొంటే ఆ ముచ్చట ఒడిసినట్టే. బడిలోనూ అంతే. మూడు నుంచి ఐదు దాకా పరిసరాల విజ్ఞానం ఉంటది. ఆ పైన పర్యావరణ విద్యకు పుస్తకం అచ్చేసిన ఏండ్లు ఉన్నయి గాని, దానికంటూ టీచరు పోస్టు లేదు. లెక్కల సారుకు పీరియడ్లు తక్కువైతే ఆ పీరియడ్ లెక్కలకే పోతది.

ఇక హరితదళం. కేంద్రం 2001లో నేషనల్ గ్రీన్ కోర్ పెట్టింది. జిల్లాకు 250 బడుల్లో ఎకో క్లబ్బులన్నరు. పిల్లలను అడవికి, వాగుకు తీసుకపోవాలె, మొక్కలు పెంచాలె, నీళ్లు పరీక్షించాలె, ఊరి చెత్త లెక్క రాయాలె. మంచి మాటే. దీనికి చాలా ఏండ్లు ఇచ్చింది ఎంత? బడికి ఏడాదికి 2,500 రూపాయలు! బడి పనిదినాలు 220 అనుకుంటే రోజుకు పన్నెండు రూపాయలు కూడా పడదు. మందమర్రి బస్టాండులో ఒక్కరు చాయ తాగే పైసలతోటి బడిలున్న పిల్లలందరికీ పర్యావరణం నేర్పాలన్నమాట. తర్వాత దాన్ని 5,000 చేసిండ్రు. సమగ్ర శిక్ష కింద యూత్, ఎకో క్లబ్బులకు ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నతకు 15,000, హైస్కూలుకు 25,000 అని 2018లో కాగితం మీద రాసిండ్రు. ఆ పైసలు కూడా చెట్ల కోసమే అనుకునేరు! ఆటలు, పాటలు, యువజన కార్యక్రమాలు అన్నీ అందులోనే. పైగా అవి ఏ నెలలో వస్తయో, ఎంత వస్తయో హెడ్మాస్టర్‌కే తెల్వదు. విద్యా సంవత్సరం చివర మార్చిలో పైసలు పడి, వారంలో ఖర్చు చేసి బిల్లు పంపుమంటే ఆయన ఏం చేస్తడు? ఒక బ్యానర్ రాయిస్తడు, నాలుగు మొక్కలు తెప్పిస్తడు, ఫోటో దిగుతడు.

ఒక గూడ్సు బండి లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఉద్యోగులు, విద్యార్థులు కాగితం, పెన్ను పట్టుకొని కూర్చోండి.

2010లో కేంద్రం బొగ్గు మీద ఒక సెస్ వేసింది. టన్నుకు 50 రూపాయలు. పేరేమో శుద్ధ ఇంధన సెస్. 2014లో 100 చేసింది. 2015లో 200. 2016లో 400. అప్పుడు పేరు కూడా మార్చింది, శుద్ధ పర్యావరణ సెస్ అని. పర్యావరణం పేరు చెప్పి బొగ్గు మీద వేసిన పన్ను ఇది. 2016-17లో సింగరేణి తీసిన బొగ్గు ఆరు కోట్ల టన్నులకు పైనే. టన్నుకు 400 చొప్పున చూసుకుంటే 2,400 కోట్ల రూపాయలు. ఒక్క ఏడాదిలో, ఒక్క సింగరేణి బొగ్గు మీద!

కట్టింది బొగ్గు కొన్నోడే కావచ్చు. కరెంటు బిల్లులో మనమంతా మోసిందే కావచ్చు. కానీ పన్ను పుట్టింది ఎక్కడి నుంచి? మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్, బెల్లంపల్లి, గోదావరిఖని, భూపాలపల్లి, కొత్తగూడెం కడుపులకెళ్లి పుట్టింది. దుమ్ము తిన్నది ఎవరు? ఇక్కడి మనుషులు.

ఒక గూడ్సు బండి బొగ్గు అంటే నాలుగు వేల టన్నులకు అటూ ఇటూ. 400 చొప్పున దాని మీద సెస్ 16 లక్షలు. ఇప్పుడు ఎకో క్లబ్బుల లెక్క తీయండి. జిల్లాకు 250 బడులు, బడికి 2,500. మొత్తం 6 లక్షల 25 వేలు. అంటే ఒక జిల్లాలోని ఎకో క్లబ్బులన్నిటికీ ఏడాది పొడుగునా ఇచ్చిన పైసలు ఒక్క గూడ్సు బండి సెస్‌లో సగం కూడా కాదు! మన కండ్ల ముందటి నుంచి రోజూ ఎన్ని బండ్లు పోతయి? గేటు పడ్డప్పుడు సైకిల్ ఆపుకొని డబ్బాలు లెక్కపెట్టే పిల్లగాండ్లకు ఈ లెక్క చెప్పాలె. ఇరవై మూడో డబ్బా దాటకముందే జిల్లాకంతా సరిపోయే పాఠం మన ముందు నుంచి వెళ్లిపోతది.

మరి ఆ సెస్ ఎటు పోయింది? దేశం మొత్తం మీద 2010-11 నుంచి 2017-18 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు. దాని కోసమే పెట్టిన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. అందులో ఖర్చయింది 16 వేల కోట్ల లోపు. మిగిలింది? 2017లో జీఎస్టీ వచ్చినంక ఆ 400 రూపాయల పేరు మళ్లీ మారింది. పర్యావరణం మాట ఎగిరిపోయి, రాష్ట్రాలకు జీఎస్టీ నష్టం పూడ్చే పరిహార సెస్ అయ్యింది. 2025 సెప్టెంబర్‌లో అదీ ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేసిండ్రు. ఇప్పుడు పర్యావరణం అన్న పేరు కూడా లేదు. పేరు పోయింది, పైసలు పోయినయి, దుమ్ము మాత్రం ఉన్నది.

చడీచప్పుడు లేని కోత

పాఠాన్ని రద్దు చేస్తున్నమని ఏ సర్కారూ జీవో ఇయ్యదు. ఇస్తే మనం రోడ్డెక్కుతం. అందుకే కోత వేరే తీరుగ పెడతరు. మొదట ఏండ్ల తరబడి అంకె పెంచరు. ధరలు పెరుగుతయి, గ్రాంటు అక్కడనే ఉంటది. తర్వాత విడుదల ఆలస్యం చేస్తరు. ఆ తర్వాత ఒక పథకాన్ని ఇంకో పథకంలో కలుపుతరు. చివరికి మనిషిని తీసేస్తరు.

మనిషిని తీసేసుడు మన కండ్ల ముందే జరిగింది. 2017లో టీచర్ల నోటిఫికేషన్ ఇచ్చిన తెలంగాణ సర్కారు, ఆ తర్వాత పెద్ద నియామకం జరగడానికి 2024 డీఎస్సీ దాకా ఆగింది. నడుమ కరోనా వచ్చింది. విద్యా వాలంటీర్లను మళ్లీ తీసుకోలేదు. బడి ఊడ్చే కార్మికులను ఆపి, ఆ పని పంచాయతీకి అప్పజెప్పిండ్రు. పరిశుభ్రత పాఠం చెప్పాల్సిన బడిలో చీపురు పట్టే మనిషికి జీతం లేని రోజులు చూసినం. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పే ఊరి బడిలో ముందుగా ఎగిరిపోయేది ఏ పీరియడ్? మార్కులు లేని పీరియడే!

ఆనాడు వలస పాలకులు మన నిధులు మళ్లించిండ్రని లెక్కలు తీసి ఊరూరా చెప్పినం. ఆ లెక్కలు తీసే బుద్ధి రాష్ట్రం వచ్చినంక మర్చిపోవద్దు. 2014-15లో బడ్జెట్‌లో పది శాతం చుట్టూ మొదలైన విద్య వాటా, కేజీ టు పీజీ అన్న పాలకుల చేతుల్లోనే ఏడు శాతం దరికి దిగింది. వాళ్లను దించి 2023లో వచ్చినోళ్లు మేనిఫెస్టోలో 15 శాతం అన్నరు. 2024-25లో 2,91,159 కోట్ల బడ్జెట్‌లో విద్యకు పెట్టింది 21,292 కోట్లు. ఏడు శాతం చిల్లర. 2025-26లో 3,04,965 కోట్లలో 23,108 కోట్లు. ఏడున్నర శాతం. చెప్పిన దాంట్లో సగం! ఆ సగంలో జీతాలు పోను మిగిలేది ఎంత, అందులో పర్యావరణ పాఠానికి రాలేది ఎంత, మీరే ఆలోచించండి.

ఢిల్లీ తీరు ఇంకో రకం. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ భారం తగ్గిస్తున్నమని పుస్తకాలకు కత్తెర పెట్టింది. ఎనిమిదో తరగతిలో గాలి, నీటి కాలుష్యం పాఠం పోయింది. పదో తరగతిలో ఇంధన వనరుల పాఠం, సహజ వనరుల పాఠం పోయినయి. బొగ్గు గురించి, దాని పొగ గురించి చెప్పే పాఠాలే వాళ్లకు బరువైనయి!

మొక్కలు నాటలేదా అని అడుగుతరు. నాటిండ్రు. 2015 నుంచి హరితహారం జరిగింది. 2018 పంచాయతీరాజ్ చట్టంలో ఊరి బడ్జెట్‌కు పది శాతం హరిత నిధి పెట్టిండ్రు. మంచిదే. మరి ఆ పది శాతంలో ఒక్క వంతు బడి పిల్లలకు పాఠంగా ఎందుకు మారలేదు? గుంత తవ్వినోనికి కూలి లెక్క ఉన్నది, మొక్కకు ధర ఉన్నది. ఈ నేలలో ఏ చెట్టు బతుకుతది, ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట మీద ఏ గడ్డి మొలుస్తది, టేకు పోయిన జాగలో యూకలిప్టస్ పెడితే ఏమైతది అని పిల్లకు చెప్పే ఖర్చుకు మాత్రం పద్దు లేదు.

మన నేలే ఒక పుస్తకం

పైసలు ఇస్తే మాత్రం ఏం చెప్తరని ఎగతాళి చేసేటోళ్లున్నరు. వాళ్ల కోసం రెండు ముచ్చట్లు.

మన కాళ్ల కింద ఉన్న బొగ్గు పాతిక కోట్ల ఏండ్లకు ముందటి అడవి. ఆ పొరలను ప్రపంచమంతా గోండ్వానా పొరలంటది. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మన దేశం ఒక్కటిగా ఉన్న కాలపు మహాఖండానికి శాస్త్రవేత్తలు గోండ్వానా అని పేరు పెట్టిండ్రు. ఆ పేరు ఎవరిది? గోండులది. గోండుల నేల పేరు! మందమర్రి, కాసిపేట మండలాల గూడేలల్లో ఉన్న గోండు పిల్లగానికి ఈ సంగతి ఏ బడిలో చెప్పిండ్రు? తన జాతి పేరు భూగోళం చరిత్రలో చెక్కి ఉన్నదని తెలిస్తే ఆ పిల్లగాడు బడిలో వెనుక బెంచీలో కూర్చుంటడా?

ఇంకోటి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర రాక్షసబల్లి ఎముకలు దొరికినయి. 1988లో దానికి ఈ ఊరి పేరు కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. ఆ అస్థిపంజరం ఇప్పుడు ఎక్కడున్నది? హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో. బొగ్గు పోయినట్టే అదీ రాజధానికే పోయింది. అక్కడ ఉండుడు తప్పనట్లేదు. పుట్టిన చోట పిల్లలను ఒక్కసారి బస్సెక్కించి చూపించే పైసలు ఎందుకు లేవని అడుగుతున్నం.

బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా ఉన్నది. నాయకపోడ్లు ఏటా జాతర చేసే గుట్ట. చుట్టూ అడవి. ఏ ఆకు ఏ రోగానికో చెప్పే పెద్దలు ఇంకా ఉన్నరు. ఒక పక్క అడవి, ఒక పక్క బాయి, ఒక పక్క మట్టిగుట్ట, ఒక పక్క వరి పొలం. ఇంత పెద్ద ప్రయోగశాల ఏ కార్పొరేట్ బడికి ఉన్నది? ఉండి ఏం లాభం! పిల్లలను అక్కడి దాకా తీసుకపోయే ఆటో కిరాయి ఏ గ్రాంటులో లేదు.

పాఠం లేకుంటే నోరు లేదు

ఇది మొక్కల ముచ్చట అనుకుంటే పొరపాటు. ఇది ఊరి బతుకు ముచ్చట.

కొత్త గని రావాలంటే 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరగాలె. ముప్పై రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. వందల పేజీల నివేదిక ఇంగ్లిషులో ఉంటది. తెలుగులో వచ్చేది సారాంశం మాత్రమే. అందులో ఏముంటది? గాలిలో సన్న దుమ్ము ఘనపు మీటరుకు ఇన్ని మైక్రోగ్రాములు, భూగర్భ జలం ఇన్ని మీటర్లు దిగుతది, పేలుడు అదురు సెకనుకు ఇన్ని మిల్లీమీటర్లు. టెంటు వేస్తరు, కుర్చీలు వేస్తరు, పోలీసులను పెడతరు, మైకు ఇస్తరు. ఊరోళ్లు ఏం అడుగుతరు? ఉద్యోగం ఇయ్యండి, పరిహారం పెంచండి. అవి న్యాయమైన కోరికలే. కానీ ఆ సన్న దుమ్ము లెక్క తప్పని, మా బాయి ఇప్పటికే ఎండిందని, ఏ నెలలో కొలిచిండ్రో చెప్పమని అడిగే నోరు ఏది? ఆ నోరు తయారు కావాల్సింది ఎనిమిదో తరగతిలో. బావి లోతు తాడుతో కొలిచి నెలనెలా నోటుబుక్కులో రాసిన పిల్ల, పదేండ్ల తర్వాత ఆ టెంటు కింద లేచి నిలబడితే ఏ ఆఫీసరూ ఆమెను కూర్చోబెట్టలేడు.

అందుకే ఈ పాఠానికి పైసలు రావు. మందమర్రి సంగతి ఇంకా అన్యాయం. ఏజెన్సీ చట్టం చిక్కుతో ఈ పురపాలిక దశాబ్దాల తరబడి ఎన్నికలు లేకుండనే నడిచింది. అడగడానికి కౌన్సిలర్ లేడు. చదువుకున్న పిల్లలు కూడా అడగకుంటే ఇక అడిగేదెవరు?

బాయి మూతపడ్తదా?

కార్మిక సోదరులు ఒక మాట అంటరు. పర్యావరణం అని పిల్లలకు నూరిపోస్తే రేపు బాయి మూతపడ్తది, ఉద్యోగాలు పోతయి. అన్నా, ఉద్యోగాలు పోయింది పాఠంతోని కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉన్నరు. అప్పుడు ఏడాదికి తీసింది సుమారు రెండు కోట్ల టన్నులు. ఇప్పుడు ఏడు కోట్ల టన్నుల దరిదాపుల్లో తీస్తున్నరు, కార్మికులు నలభై వేల చుట్టుపక్కల. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగం కూడా లేరు. దాన్ని చేసింది ఓపెన్‌కాస్టు. ఇవాళ బొగ్గులో పదింట తొమ్మిదొంతుల దాకా అక్కడి నుంచే. ఉద్యమ వేదికల మీద బొందలగడ్డ చేయొద్దన్నది మనమే కదా! 2011 సకల జనుల సమ్మెలో నెల రోజులకు పైగా బాయి దిగకుండా జీతాలు పోగొట్టుకున్నది మీరే కదా! ఆ త్యాగం చేసినోని బిడ్డకు తన ఊపిరితిత్తులలోకి ఏం పోతోందో తెలిసే హక్కు లేదా?

ఏం కావాలె?

పైసలు లేవన్న మాటను ఒప్పుకునేది లేదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టిండ్రు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం అందులో పడాలె. అదే ఏడాది రాసిన మార్గదర్శకాల్లో పర్యావరణం, విద్య రెండూ పెద్దపీట వేయాల్సిన రంగాలే. చట్టం ఉన్నది, నిధి ఉన్నది, అవసరం ఉన్నది. లేనిది అడిగే గొంతే.

ఒకటి: గని ప్రభావిత మండలాల్లోని ప్రతి సర్కారు బడికి ఖనిజ నిధి నుంచి పర్యావరణ విద్యకు విడి పద్దు పెట్టాలె. జూన్‌లో బడి తెరిచిన నాడే పైసలు పడాలె.

రెండు: ఆ నిధిలో ఎంత వచ్చింది, ఎంత పోయింది, దేనికి పోయింది తెలుగులో పంచాయతీ గోడ మీద రాయాలె.

మూడు: బొగ్గు బెల్టు పిల్లలకు ఈ నేల మీద, ఈ నీళ్ల మీద, ఈ గాలి మీద ఒక పాఠ్యపుస్తకం రావాలె. గోండి, కొలామి మాటలు అందులో ఉండాలె.

నాలుగు: ప్రజాభిప్రాయ సేకరణ ముందు పూర్తి నివేదిక తెలుగులో ఊరి బడిలో పెట్టాలె.

ఐదు: ఇంటర్‌లో ఈ పరీక్ష మార్కులు కలవాలె. చెప్పే మనిషికి పోస్టు ఉండాలె.

ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ, డీఏలతో పాటు దీన్ని కూడా డిమాండ్ల పత్రంలో రాయాలె. కార్మిక సంఘాలు గుర్తింపు ఎన్నికల మేనిఫెస్టోలో పెట్టాలె. విద్యార్థులు జీవో కోసం చూసుకుంట కూర్చోవద్దు. రేపే ఒక తాడు, ఒక నోటుబుక్కు పట్టుకొని ఊరి బావులు కొలవండి. ఏ నెల నీళ్లు ఎక్కడున్నయో రాయండి. ఆ నోటుబుక్కే రేపటి మన సాక్ష్యం.

బొగ్గు ఒకనాటికి ఒడుస్తది. ఇది ఎవరూ కాదనలేని మాట. ఒడిసిన నాడు కంపెనీ యంత్రాలు ఎత్తుకపోతది, నాయకులు ఇంకో నియోజకవర్గం చూసుకుంటరు. ఈ గుంతలు, ఈ మట్టిగుట్టలు, ఎండిన ఈ బావులు మన పిల్లల పేరు మీద మిగులుతయి. వాటితోటి ఎట్ల బతకాలో నేర్పనందుకు రేపు వాళ్లు నిలదీస్తే, పైసలు లేకుండెనని చెప్పుదామా? మన ముందటి నుంచే గూడ్సు బండ్లు పోయినయని వాళ్లకు తెల్వదా?

రాష్ట్రం తెచ్చుకున్నం. ఇప్పుడు పాఠం తెచ్చుకుందాం.

జై తెలంగాణ!